నాలుగు లక్షల రెండు తెరల ల్యాప్‌టాప్: జెఫిరస్ డుయో 16 తీసుకోవాలా, స్ట్రిక్స్ కొని పక్కన మానిటర్ పెట్టుకోవాలా?

పదహారంగుళాలు
ఆసుస్ ఆర్‌ఓజీ జెఫిరస్ డుయో 16, 2023 మోడల్. రైజెన్ 9 7945హెచ్ఎక్స్, ఆర్‌టీఎక్స్ 4090, 32 జీబీ ర్యామ్. సీలు తీయని పీసు, జీఎస్టీతో కలిపి నాలుగు లక్షలు అంటున్నారు. పని మూడు రకాలు: రాత్రి గేమ్ స్ట్రీమింగ్, పగలు ప్రీమియర్‌లో ఎడిటింగ్, నెలకు రెండుసార్లు హైదరాబాద్–విశాఖ ప్రయాణం. కీబోర్డు పైన ఉండే ఆ రెండో తెర నిజంగా పనికొస్తుందా, షోకేనా? లేకపోతే ఒకే తెర ఉండే ఆసుస్ స్ట్రిక్స్ కొని పక్కన మానిటర్ పెట్టుకోవాలా? వాడినవాళ్లు, విప్పినవాళ్లు చెప్పండి. "బాగుంటుంది బ్రో" అని మాత్రం వద్దు.

టైమ్‌లైన్_తాత
కొలతలతో మొదలుపెడదాం, సగం భ్రమ అక్కడే పోతుంది. రెండో తెర 14 అంగుళాలు, 3840×1100. అంటే వెడల్పు 34 సెంటీమీటర్లు, ఎత్తు పది సెంటీమీటర్ల లోపు. రెండు ఏటీఎం కార్డుల్ని అడ్డంగా ఒకదాని కింద ఒకటి పెడితే సెంటీమీటరు బయటికొస్తుంది, అంత ఎత్తన్నమాట. కానీ పిక్సెళ్లు లెక్కపెడితే పెద్ద తెర కంటే ఇందులోనే ఎక్కువ: పైది 2560×1600, అంటే 40.96 లక్షలు; కిందది 42.24 లక్షలు.

కాబట్టి అక్షరాలు చీమల్లా ఉంటాయి. విండోస్‌లో దానికి స్కేలింగ్ 200 శాతం పెట్టాలి, పైదానికి 150. 200 పెట్టాక మిగిలే చోటు 1920×550. టాస్క్‌బార్ కూడా అక్కడే ఉంచితే ఇంకో 48 పోయి 502. అందుకే "టాస్క్‌బార్ అన్ని డిస్‌ప్లేల మీద చూపు" అన్న టిక్కు ముందు తీసేయండి.

ప్రీమియర్‌కి మాత్రం ఆ పట్టీ కొలిచి కుట్టినట్టు ఉంటుంది. టైమ్‌లైన్ ప్యానెల్‌ని ఊడదీసి కింద పడేసి, పైన ప్రోగ్రామ్ మానిటర్‌ని (వీడియో కనిపించే ప్యానెల్) పూర్తిగా పరచుకోవచ్చు. మూడు వీడియో, మూడు ఆడియో ట్రాకులు సుఖంగా పడతాయి. ఆ పైన స్క్రోలింగే. ఆ అమరికని కొత్త వర్క్‌స్పేస్‌గా సేవ్ చేసుకోండి, లేకపోతే రెండో తెర ఆపి మళ్లీ వేసినప్పుడల్లా ప్యానెళ్లు చెట్టుకొకటి పుట్టకొకటి అవుతాయి. డావిన్చి రిజాల్వ్ వాడేవాళ్లకి ఇంత స్వేచ్ఛ లేదు. అందులో డ్యూయల్ స్క్రీన్ అమరిక అది ఇచ్చినట్టే తీసుకోవాలి, 550 ఎత్తులో అది ఇరుకు.

కలర్ గ్రేడింగ్ కింద తెర మీద చేయొద్దు. పైది మినీ ఎల్ఈడీ, 512 జోన్లు, 1100 నిట్ల పీక్. కిందది మామూలు ఐపీఎస్. రెండింటి తెలుపు ఒకటి కాదు.

వేడిగాలి
తాతగారు తెర గురించి చెప్పారు, ఆ తెర కింద ఏముందో నేను చెప్తాను. మూత తెరిస్తే రెండో తెర వెనక అంచు 13 డిగ్రీలు పైకి లేస్తుంది. ఆ సందులోంచి ఫ్యాన్లు గాలి పీలుస్తాయి. అంటే ఈ యంత్రానికి పైనుంచి కూడా ముక్కుంది. మంచం మీద పెట్టినా పూర్తిగా ఊపిరాడకుండా పోదు, అది లాభం. దుమ్ము, వెంట్రుకలు, టీ చుక్కలు నేరుగా లోపలికి పోతాయి, అది నష్టం. మామూలు ల్యాప్‌టాప్‌లో కీబోర్డు మీద ఒలికితే కీబోర్డు పోతుంది. ఇందులో ఆ సందు తిన్నగా ఫ్యాన్ల మీదికి.

రెండోది ఎండాకాలం. ఫ్యాను పీల్చే గాలి ఎంత వేడిగా ఉంటే చిప్పు అంత వేడిగా ఉంటుంది. విజయవాడలో మే నెలలో ఏసీ లేని గది 38 దగ్గర ఉంటే, 26 డిగ్రీల గదిలో తీసిన రివ్యూ అంకెలకు పన్నెండు కలుపుకుని చూడండి. ఈ సీపీయూ గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు, గీత దగ్గరికొచ్చాక క్లాకు తగ్గించుకుంటుంది. కాలిపోదు, నెమ్మదిస్తుంది అంతే. సీలింగ్ ఫ్యాను వేసుకుంటే మీకు హాయి, దానికి ఒరిగేదేం లేదు.

విరుగుడు తేలిక. గేమింగ్‌లో 7945హెచ్ఎక్స్‌కి ఉన్న 16 కోర్లూ పూర్తి బూస్టులో ఉండక్కర్లేదు. పవర్ ఆప్షన్స్‌లో గరిష్ఠ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం చేస్తే బూస్టు ఆగుతుంది. సీపీయూ వేడి బాగా దిగుతుంది, 2560×1600లో ఎక్కువ గేములకి ఫ్రేములు పెద్దగా పోవు. పోటీ షూటర్ ఆడి 240 హెర్ట్జ్‌ని నింపాలనుకునేవాళ్లకి మాత్రం తేడా కొడుతుంది, వాళ్లు 100కే ఉంచుకుని సీపీయూ వాట్లు తగ్గించుకోవాలి. ఎడిటింగ్ ఎక్స్‌పోర్టు పెట్టేముందు మళ్లీ 100 చేసుకోండి.

కరీంనగర్_కోర్
రిపేరు సంగతి ఎవరూ అడగరు, కొన్నాక అడుగుతరు. సీపీయూ మీద పేస్టు కాదు, లిక్విడ్ మెటల్ ఉంటది. అది కరెంటు పారే లోహం. వీధి చివర షాపుల "సర్వీసింగ్" పేరు మీద హీట్‌సింక్ లేపి, టిష్యూతో తుడిచి, మామూలు పేస్టు రాసిచ్చిండ్రనుకో, రెండు తిప్పలు: టెంపరేచరు పది పదిహేను డిగ్రీలు ఎక్కుతది, తుడిచేటప్పుడు చుక్క జారి కెపాసిటర్ల మీద పడితే బోర్డు షార్టయితది. దాంట్ల గాలియం ఉంటది, అల్యూమినియాన్ని తినేస్తది, అందుకే ఏ హీట్‌సింక్‌కు పడితే ఆ హీట్‌సింక్‌కు రాయనియ్యరు. దుమ్ము తీయాలంటే కింది మూత తీసి, ఫ్యాను రెక్క వేలితో పట్టుకొని బ్లోయరు కొట్టుర్రి. హీట్‌సింక్ స్క్రూ ముట్టొద్దు. రెక్క పట్టుకోకుండా కొడితే ఫ్యాను గిర్రున తిరిగి బేరింగు పోతది.

కొన్న రోజే టెంపరేచర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెట్టి చూడుర్రి. అరగంట గేమాడినంక జీపీయూ టెంపరేచరుకు, హాట్‌స్పాట్‌కు (చిప్పుల అన్నిటికన్న వేడి చోటు) మధ్య తేడా ఎంతుందో రాసిపెట్టుకోర్రి. పన్నెండు, పదిహేనుంటే మంచిదే. ఇరవై అయిదు దాటితే పూత సమంగ లేదన్నట్టు. రిటర్ను గడువు లోపలనే అడగాలె.

ఇగ రెండో తెర. అది కదిలే భాగం. మూత తీసినప్పుడల్ల లేస్తది, వేసినప్పుడల్ల కూసుంటది, దానితో పాటు కేబుల్ వంగుతది. వారంటీ దాటినంక అది పోతే మామూలు ప్యానెల్ లెక్క బజార్ల దొరకది. యాక్సిడెంటల్ డ్యామేజ్ కవరు, మూడేండ్ల ఎక్స్‌టెన్షన్ రెండూ తీసుకోకుండ ఈ మోడల్ కొనొద్దు. ఆ పైసలు కూడ కలుపుకొనే లెక్క చూసుకోర్రి.

పదహారంగుళాలు
స్ట్రీమింగ్ గురించి? కింద ఓబీఎస్ (స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్), చాట్ పెట్టి పైన గేమ్ ఆడాలని.

ఫ్రేమ్‌లెక్క
దీనికి ఈ తెర బాగా పనికొస్తుంది, కాకపోతే మూడు చోట్ల తట్టుకుంటారు.

ఒకటి, ఫోకస్. గేమ్ ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్‌లో ఉండగా కింది తెరని వేలితో తాకితే విండోస్ ఫోకస్ కిందికి పోతుంది, గేమ్ మినిమైజ్ అవుతుంది. ఫైటు మధ్యలో చాట్ స్క్రోల్ చేసి చచ్చిపోవడమంటే ఇదే. బోర్డర్‌లెస్ విండో పెట్టుకోండి. పాత డైరెక్ట్ఎక్స్ 10, 11 గేములకి విండోస్ 11 గ్రాఫిక్స్ సెట్టింగుల్లో "విండోడ్ గేముల ఆప్టిమైజేషన్" ఆన్ చేయండి, బోర్డర్‌లెస్‌లో పెరిగే ఆలస్యం చాలావరకు తగ్గుతుంది.

రెండు, నల్ల తెర. హైబ్రిడ్ మోడ్‌లో గేము ఎన్విడియా మీద నడుస్తుంది, తెరకి బొమ్మ మాత్రం సీపీయూలోనే ఉండే చిన్న జీపీయూ రేడియాన్ 610ఎం ద్వారా వెళ్తుంది. ఓబీఎస్‌లో గేమ్ క్యాప్చర్‌కి ఓబీఎస్ కూడా గేమున్న జీపీయూ మీదే ఉండాలి. డిస్‌ప్లే క్యాప్చర్‌కి తెర తగిలించి ఉన్న జీపీయూ మీద ఉండాలి. రెండూ ఒకేసారి కావాలంటే ఏదో ఒకటి నల్లగా రావచ్చు. ఆసుస్ సెట్టింగుల యాప్ ఆర్మరీ క్రేట్‌లో మక్స్‌ని (తెర ఏ జీపీయూకి తగలాలో మార్చే స్విచ్) డిస్క్రీట్‌కి, అంటే ఎన్విడియాకి మార్చి రీస్టార్ట్ చేస్తే గొడవ వదులుతుంది. ఏ తెర ఏ జీపీయూకి తగిలించి ఉందో తెలియాలంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో ఫిజ్ఎక్స్ పేజీ తెరవండి, బొమ్మ గీసి చూపిస్తుంది.

మూడు, ఆ రేడియాన్ 610ఎంలో ఉన్నవి రెండే కంప్యూట్ యూనిట్లు. డెస్క్‌టాప్ చూపించడానికి పెట్టింది. హైబ్రిడ్‌లో దాని నెత్తిన గేము ఫ్రేముల కాపీ, కింద తెరలో వీడియో, బ్రౌజర్ యానిమేషన్ అన్నీ పడితే పైన గేములో తడబాటు కనిపిస్తుంది. చాట్‌ని బ్రౌజర్లో పాపౌట్ చేసుకుని మిగతా ట్యాబులు మూసేయండి. ఓబీఎస్ ప్రివ్యూని రైట్ క్లిక్ చేసి ఆపేయండి. డిస్కార్డ్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ తీసేయండి.

ఎన్‌కోడింగ్ గురించి బెంగ అక్కర్లేదు. 4090లో వీడియో ఎన్‌కోడ్ చేసే ఎన్‌వెంక్‌లు (NVENC) రెండు ఉన్నాయి, ఏవీ1 ఫార్మాట్ కూడా చేస్తుంది.

కింది తెర 60 హెర్ట్జ్, పైది 240. కింద గేమ్ ఆడాలన్న ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి.

కాక్‌పిట్
ఫ్లైట్ సిమ్ వాళ్లకి మాత్రం కింది తెర ఒక బంగారు బాతు. కాస్త లెక్క రావాలి. డీసీఎస్ వరల్డ్‌లో విమానం ఎంఎఫ్‌డీలను (కాక్‌పిట్‌లో సమాచారం చూపే చిన్న తెరలు) కిందికి పంపొచ్చు. ముందు విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో కింది తెరని పై తెర కింద పెట్టి ఎడమ అంచులు కలపండి. సేవ్డ్ గేమ్స్‌లోని డీసీఎస్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో మానిటర్‌సెటప్ లోపల లువా ఫైలు రాయాలి: సెంటర్ వ్యూపోర్ట్ ఎక్స్ 0, వై 0, వెడల్పు 2560, ఎత్తు 1600. ఎడమ ఎంఎఫ్‌డీ ఎక్స్ 0, వై 1600, 1100×1100. కుడిది ఎక్స్ 2740, వై 1600, మళ్లీ 1100×1100. గేములో రిజల్యూషన్ 3840×2700 అని టైపు చేయాలి.

దెబ్బ ఇక్కడే. 3840×2700 అంటే కోటీ మూడు లక్షల పైచిలుకు పిక్సెళ్ల బఫరు. పై తెర ఒక్కదానికి 41 లక్షలే. కుడివైపు పైన 1280×1600 ముక్క ఏ తెరకీ చెందని ఖాళీ స్థలం, అయినా మెమొరీ తింటుంది. పైగా ఒకే కిటికీ రెండు తెరల మీద పరిచాక 240 హెర్ట్జ్ మీద ఆశ పెట్టుకోకండి. ఎంఎఫ్‌డీలను 800×800కి తగ్గించి, బఫరు ఎత్తు 2400కి దించితే కొంత ఊపిరి వస్తుంది, అక్షరాలు అప్పటికీ చదవొచ్చు.

వేడిగాలి
కాక్‌పిట్ గారూ, జాయ్‌స్టిక్ పెట్టుకునే బల్ల ఉన్నవాళ్లకి పక్కన మానిటర్ పెట్టుకునే చోటు ఉండదా?

కాక్‌పిట్
ఉంటుంది. నిజమే, బల్ల ఉంటే 24 అంగుళాల మానిటర్ దీన్ని ఓడిస్తుంది. ఎంఎఫ్‌డీలు కళ్లు కిందికి దించితే కనబడాలి, అసలు విమానంలో లాగా. ఆ ఒక్క కారణం తప్ప నా దగ్గర వేరే వాదన లేదు.

టైమ్‌లైన్_తాత
కీబోర్డు గురించి ఎవరూ మాట్లాడలేదు. రెండో తెరకి చోటివ్వడానికి కీబోర్డుని ముందు అంచు దాకా తోసేశారు. మణికట్టు ఆన్చడానికి ల్యాప్‌టాప్ మీద చోటు లేదు, బల్ల మీదే ఆన్చాలి. డబ్బాలో రబ్బరు పామ్‌రెస్ట్ ఇస్తారు, అది లేకుండా రెండు గంటలు టైప్ చేస్తే చెయ్యి లాగుతుంది. ల్యాప్‌టాప్ లోతే 26.6 సెంటీమీటర్లు, ముందు పామ్‌రెస్ట్‌కి ఇంకో ఏడెనిమిది. 45 సెంటీమీటర్ల బల్ల ఉంటే వెనక వేడి గాలి గోడకి తగులుతుంది. టచ్‌ప్యాడ్ కుడి పక్కన నిలువుగా, సన్నగా ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లు షోరూమ్‌లో చెయ్యి పెట్టి చూడకుండా కొనొద్దు.

ఇంకో చిన్న విషయం, రివ్యూల్లో రాదు. కింది తెర ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. నెత్తిన ట్యూబ్‌లైట్ ఉంటే మ్యాట్ పూత ఉన్నా తెల్లటి మసక పడుతుంది. లైటు ఫ్యానుకి పైన ఉంటే రెక్కల నీడ టైమ్‌లైన్ మీద టపటపా కొట్టుకుంటుంది. లైటు వెనక నుంచో పక్క నుంచో రావాలి.

పదహారంగుళాలు
రైలు ప్రయాణం సంగతి?

డాలస్_తెలుగు
బరువు 2.67 కిలోలు, 330 వాట్ల అడాప్టర్ ఇటుకతో కలిపి సంచిలో మూడున్నర కిలోలు అనుకోండి. సీటు వెనక ట్రే మీద పట్టినా ముందు చెయ్యి ఆన్చే చోటుండదు. బ్యాటరీ 90 వాట్ అవర్లు. విమానాల పరిమితి 100, కాబట్టి చేతి సంచిలో పట్టుకెళ్లడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. చెక్-ఇన్‌లో వేయొద్దు.

రైలు ప్లగ్గులో 330 వాట్ల ఇటుక పెట్టకండి, అవి ఫోన్లకీ మామూలు చార్జర్లకీ పెట్టినవి. 100 వాట్ల యూఎస్‌బీ-సీ చార్జర్ విడిగా కొనుక్కోండి. దానితో ఎడిటింగ్, చార్జింగ్ నడుస్తాయి, గేములు నడవవు. ఎక్కగానే మక్స్‌ని హైబ్రిడ్‌కి మార్చి, తెర 60 హెర్ట్జ్ చేసి, కింది తెరని కీబోర్డు మీది మీటతో ఆపేయండి. ఆపేస్తే మీరు మోస్తున్నది ఒక తెర ల్యాప్‌టాపే కదా అంటే, అవును, అదే చిక్కు.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లకి: అడాప్టర్ 100–240 వోల్టులది, గోడకి పెట్టే తీగ మారిస్తే సరి. 18 ఏళ్లు దాటిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో సీరియల్ నంబరు ఇచ్చి రాతపూర్వకంగా అడిగాకే డబ్బు కట్టండి.

పైసాపైసా
లెక్క నేను చెప్తా. నాలుగు లక్షల్లో జీఎస్టీ 18 శాతం, అంటే 61,017 రూపాయలు. అసలు ధర 3,38,983. ఎడిటింగ్ వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు మీ జీఎస్టీఐఎన్‌తో తీసుకుని ఆ 61 వేలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు. ఆదాయపు పన్నులో కంప్యూటర్లకి తరుగుదల 40 శాతం. క్రెడిట్ తీసుకున్నాక తరుగుదల అసలు ధర మీదే వేయాలి, జీఎస్టీ కలిపి వేస్తే తప్పు.

ఇక ఎదుటి పళ్లెం. 15.6 అంగుళాల యూఎస్‌బీ-సీ పోర్టబుల్ మానిటర్ పదిహేను వేల లోపు వస్తుంది. దాని ఎత్తు 19 సెంటీమీటర్లు, డుయో పట్టీకి దాదాపు రెట్టింపు. పాడైతే ఇంకోటి కొంటారు, మదర్‌బోర్డు ముట్టక్కర్లేదు. స్ట్రిక్స్ తరహా ఒక తెర ల్యాప్‌టాప్ అదే 4090తో తీసుకుని దీన్ని కలిపినా సాధారణంగా డుయో కంటే తక్కువే పడుతుంది.

ఇప్పుడు ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వచ్చేసింది కాబట్టి ఇదొకటి కూడా: ల్యాప్‌టాప్ 5080లో 16 జీబీ వీడియో మెమొరీ, 4090లోనూ 16 జీబీయే. మల్టీ ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య ఏఐతో అదనపు ఫ్రేములు పుట్టించడం) 50 సిరీస్‌కి మాత్రమే. ల్యాప్‌టాప్ 5090లో 24 జీబీ. 2023 సరుకు నాలుగు లక్షలకి ఇస్తున్నారంటే బేరం ఆడాల్సింది మీరు. "4090" అన్న పేరు చూసి డెస్క్‌టాప్ కార్డు అనుకోవద్దు కూడా: డెస్క్‌టాప్ కార్డులో 16,384 CUDA కోర్లు (లెక్కలు చేసే యూనిట్లు), ఇందులో 9,728.

కరీంనగర్_కోర్
పైసాపైసా అన్న మాట నిజం. కానీ పోర్టబుల్ మానిటరుకు స్టాండు, కేబులు, దాన్ని పెట్టుకునే జాగ అన్నీ కావాలె. హోటల్ రూముల, పెండ్లి షూట్ల దగ్గర కుర్చీ మీద కూసొని రష్ (ఎడిట్ కాని ఫుటేజీ) కట్ చేసేటోనికి డుయోనే అక్కరకొస్తది. ఒక్క మూత లేపితే రెండు తెరలు. ఆ పని వారానికి మూడు సార్లుంటే కొనుర్రి. నెలకు రెండు సార్లే అంటే నేనైతే స్ట్రిక్స్ అంట.

పదహారంగుళాలు
నాది నెలకు రెండుసార్లే. ధర 3.4 దాకా దిగితే డుయో, లేకపోతే స్ట్రిక్స్ + మానిటర్. డుయో తీసుకుంటే సీలు తీసేటప్పుడు ఏం చూడాలి?

కరీంనగర్_కోర్
డబ్బా కోసేప్పటి నుంచి వీడియో ఆపకుండ తీయుర్రి. పామ్‌రెస్ట్, అడాప్టర్ ఉన్నయా లేవా చూడుర్రి. మూత పదిసార్లు మెల్లగ తీసి వేసి, రెండో తెర రెండు పక్కల సమంగ లేస్తుందా, చప్పుడొస్తుందా వినుర్రి. రెండు తెరల మీద నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం నింపి చుక్కలు వెతకాలె. టచ్ కోసం పెయింట్ తెరిచి కింది తెర ఈ చివర నుంచి ఆ చివర దాక గీత గీస్తే ఎక్కడా తెగొద్దు.

గోదాముల ఎక్కువ కాలం పడి ఉన్న సరుకు కాబట్టి విండోస్ పవర్‌సీఎఫ్‌జీ (powercfg) కమాండుతో బ్యాటరీ రిపోర్టు తీయుర్రి. డిజైన్ కెపాసిటీ 90 వేల మిల్లీవాట్ అవర్ల దగ్గరుంటది, ఫుల్ చార్జ్ కెపాసిటీ 80 వేల కన్న తక్కువుంటే బ్యాటరీ అడుగుర్రి. వారంటీ తయారైన తేదీ నుంచి మొదలైనట్టు చూపిస్తే బిల్లు పంపి కొన్న తేదీకి మార్పించాలె, మొదటి వారంలనే.

ఫ్రేమ్‌లెక్క
ర్యామ్ కూడా. రెండు స్లాట్లున్నాయి, డీడీఆర్5 4800, 64 జీబీ దాకా వేయొచ్చు. 32 జీబీ అంటే 16+16 అయి ఉండాలి. ఒక్క 32 కర్ర పెట్టి అమ్మితే డ్యూయల్ ఛానెల్ ఉండదు. సీపీయూ-జెడ్ తెరిస్తే క్షణంలో తెలుస్తుంది.

పదహారంగుళాలు
చివరిగా, కింది తెరకి టెంపర్డ్ గ్లాస్ వేయించొచ్చా? వేలితో తాకేది కదా.

వేడిగాలి
వద్దు. మూత వేసినప్పుడు రెండు తెరలూ ఎదురెదురుగా దగ్గరగా వస్తాయి. గాజు మందం పై ప్యానెల్ మీద నొక్కుతుంది, మినీ ఎల్ఈడీ ప్యానెల్ మార్చడం మీ బేరం మొత్తాన్ని మింగేస్తుంది. వేస్తే పల్చటి మ్యాట్ ఫిల్మే, అదీ గాలి సందు మీదికి రాకుండా కోసి. కెమెరాకి ప్లాస్టిక్ మూత కూడా అంటించొద్దు. మూసేముందు మైక్రోఫైబర్ గుడ్డతో కింది తెర ఒకసారి తుడవండి, ఒక్క ఇసుక రేణువు మధ్యలో ఇరుక్కున్నా గీత రెండు తెరలకీ పడుతుంది.